గింజ రాలే దాకా

నేను ఎవరికైనా ఎదురు చెప్పిన సందర్భాలు చాలా తక్కువ. నా పెళ్ళిలో పురోహితుడు పక్కింటివాళ్ళ గోత్రం చదివితే, పోనీలే, ఆయన మాత్రం ఎన్నని గుర్తుపెట్టుకుంటాడని ఊరుకున్నవాణ్ణి. అటువంటి నేను కువైట్‌లో, అదీ ఇరాక్ సైన్యం దేశమంతా నిండి ఉన్న రోజుల్లో, ఒక బీడు కోసం మొండికేసి కూర్చున్నానంటే మా ఇంట్లో ఇప్పటికీ సగమే నమ్ముతారు. డబ్బు కోసం గడ్డి తినేవాళ్ళను చూశాను గానీ, గడ్డి కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నవాణ్ణి నిన్నే చూశానంటుంది మా ఆవిడ. అది పొగడ్తో తెగడ్తో నేనింకా తేల్చుకోలేదు.

మాది రాయచోటి వైపు. గొర్రెలున్న ఇంట్లో పుట్టాను. చదువులో నాది మందబుద్ధి అని అయ్యవారు తేల్చేస్తే, మందను కాసే బుద్ధి అని నేనే అర్థం చెప్పుకుని పుస్తకాలు పక్కన పెట్టాను. కువైట్‌కు పంపిన ఏజెంటు డ్రైవర్ పని అన్నాడు. దిగాక చూస్తే తోలవలసింది గొర్రెలను. ఏదైనా తోలడమే కదా, పాపం ఆయన అబద్ధం చెప్పలేదని సరిపెట్టుకున్నాను.

మా కఫీల్, అంటే నన్ను రప్పించుకున్న యజమాని, ఉండే ఇల్లు జహ్రా ఊళ్ళో. గొర్రెల దొడ్డి ఊరు దాటి పడమరగా, ఎడారిలో. ఎడారంటే ఏ దారీ ఉండదేమో అనుకుంటూ వెళ్ళాను. అక్కడ ఎటు చూసినా దారులే. జీపులు, నీళ్ళ ట్యాంకర్లు, ఊరందరి గొర్రెలు, ఒంటెలు ఇష్టమొచ్చినట్టు తిరిగి తిరిగి నేలను పిండి చేసి పెట్టాయి. గాలి లేస్తే ఆ పిండి అన్నంలో, కళ్ళల్లో, పడుకున్నవాడి చెవుల్లో. ఇసుకకూ విసుగుకూ ఉన్న చుట్టరికం నాకు మొదటి నెలలోనే తెలిసొచ్చింది.

ఒక్కచోట మాత్రం నేల అలా లేదు. దొడ్డి పక్కనే ఒక పల్లం. వాన పడితే చుట్టుపక్కల నీళ్ళు అందులోకి జారేవి. దాని చుట్టూ పాత టైర్లు సగం దాకా పాతి, ఒక పక్క సందు వదిలి, ఆ సందుకు అడ్డంగా తాడు కట్టారు. లోపల మోకాలెత్తు అర్ఫజ్ పొదలు, బూడిద రంగులో. దాన్ని హిమా అంటారన్నారు. ఆ ఎండలో మంచు పేరు వినబడిందేమిటా అని నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత తెలిసింది, అది వాళ్ళ పెద్దల నాటి కట్టడి. ఈ మేతను ఇప్పుడు ముట్టకూడదు అని కాచి పెట్టుకున్న నేల.

ఆ కట్టడిని నడిపేది కఫీల్ తల్లి. ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళు అమ్మ అనే అర్థంలో మామా అంటుంటే నేనూ మామా అనేవాణ్ణి. డేరాల్లో పుట్టి పెరిగిన మనిషి. కొడుకు కట్టించిన మేడలో ఆమెకు ఊపిరాడేది కాదు. సాయంత్రమైతే కారులో దొడ్డికి వచ్చి, చేతికర్రతో టైర్లను తట్టుకుంటూ హిమా చుట్టూ ఒకసారి నడిచేది. ఆమె పద్ధతి చెప్పడానికి సులువే. చలికాలం వానలకు పొదలు చిగురిస్తాయి. వసంతంలో పసుపు పూలు పూస్తాయి. ఎండ ముదిరాక గింజ రాలుతుంది. గింజ రాలాకే మంద లోపలికి పోవాలి, పైపైన మేసి కొన్నాళ్ళకే బయటికి వచ్చేయాలి. మిగతా ఏడాదంతా బార్లీ, ఎండిన ఖుబ్బూస్ రొట్టెలు, బయట దొరికినంత. ఎదురుగా మేత పెట్టుకుని బస్తాలు కొనే ఇంటిని నేను అప్పుడే చూడటం.

అయినా సాయం చేద్దామనే బుద్ధి నాది. మా వైపు పంట కోశాక రైతులు గొర్రెలవాళ్ళను పిలిచి పొలంలో మంద కట్టించుకుంటారు. వల చుట్టి మందను రాత్రికి ఒక మడిలో పడుకోబెడితే, పెంటికలూ మూత్రమూ పడి ఆ నేలకు సత్తువ వస్తుంది. మర్నాడు వల పక్క మడికి జరుగుతుంది. మామా మురిసిపోతుందనుకుని, కొత్తలో నేను ఎవరినీ అడక్కుండా హిమాలో ఒక మూల మంద కట్టాను. రెండు మూడు రోజులు అక్కడే ఉంచాను కూడా, ఎరువు దండిగా పడాలని.

ఆమె వచ్చి చూసింది. కర్ర ఎత్తితే నా వీపుకనే అనుకుని కళ్ళు మూసుకున్నాను. కర్ర నేలను కొట్టింది. దుమ్ము లేచింది. తర్వాత నన్ను పొదల మధ్యకు తీసుకుపోయి కూర్చోమంది. అక్కడ నేల మీద సన్నటి నల్లటి పక్కు, మీగడ ఎండినట్టు. దాని కింద వేలు పెడితే చల్లగా ఉంది. నా కెటిల్ తీసుకుని అక్కడ నీళ్ళు పోసింది. నేల తాగేసింది. నేను మంద కట్టిన మూలకు పోయి మళ్ళీ పోసింది. గిట్టలు తొక్కి గట్టిపరిచిన ఆ నేల మీద నీళ్ళు కాసేపు నిలబడి, దుమ్మును వెంటబెట్టుకుని పక్కకు జారిపోయాయి.

"నేలకూ తోలుంటుంది" అంది మామా. "నువ్వు దాన్ని ఒలిచావు."

పెంటికలు అక్కడా మంచివేనట. కానీ తోలు ఊడిన నేలలో అవి ఉండవు, గాలికి పోతాయి. ఆ మూల మరి రెండేళ్ళు బోడిగానే ఉండిపోయింది. అక్కడ మనవాళ్ళందరినీ హిందీ అనే పిలుస్తారు కాబట్టి దానికి హిందీ గుండు అని పేరు పడింది. ఒక్క ముక్క హిందీ రానివాడి పేరు మీద ఆ దేశంలో ఉన్న ఏకైక స్థలం అదే.

ఆగస్టులో సైన్యం వచ్చింది. తెల్లవారేసరికి రోడ్డు మీద ట్యాంకులు. మా కఫీల్ ఇంటివాళ్ళు కొన్నాళ్ళు తలుపులు మూసుకుని ఉండి, ఒక ఉదయం కార్లు నింపుకుని ఎడారి గుండా సౌదీకి బయలుదేరారు. దారిలో దొడ్డి దగ్గర ఆగారు. కఫీల్ నాతో గొర్రెల గురించీ, నీళ్ళ గురించీ గబగబా చెప్పాడు. మామా కారు దిగలేదు. అద్దం దించి తాడు వైపు చూసింది.

"గింజ రాలే దాకా తెరవొద్దు. నా కొడుకు చెప్పినా తెరవొద్దు."

కొడుకు పక్కనే స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. బండి గేరు మార్చాడు.

ఆ ఇంటి డ్రైవరు, కోనసీమాయన, నాతో పాటు దొడ్డిలో మిగిలాడు. నాకంటే పెద్ద. ఆయన మర్యాదకు హద్దు ఉండేది కాదు. గొర్రెలను కూడా "కొంచెం జరగండి" అనేవాడు. పికప్‌లో జహ్రా నుంచి డ్రమ్ములతో నీళ్ళు తెచ్చేవాడు. ఆ పికప్‌ను సైనికులు పట్టుకుపోయిన రోజు, దాని తాళాలు మాత్రం జేబులో ఉన్నాయని నవ్వుతూ వచ్చాడు గానీ, కూర్చున్నాక ఆ తాళాలను చేతిలో తిప్పుతూనే ఉన్నాడు. అప్పటికే మనవాళ్ళు బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోతున్నారు, అక్కణ్ణుంచి విమానాలు. ఆయన మూట కట్టుకుని నన్ను కూడా కట్టమన్నాడు.

"వెళ్దారి రండి. ఓనర్లే వెళ్ళిపోయేక మనకేంటండి ఇక్కడ?"

"మంద యామైతాది అన్నా?"

"మంద సంగతి కాదండి. ఆ తుప్పల సంగతే మీ బాధ, నాకు తెలవదా ఏంటి. ఆయ్, మా ఊళ్ళో ఇలాంటివి పొయ్యిలో పెడతారండి."

నిజమే చెప్పాడు. ఒక్క మందే అయితే ఎవరికైనా అప్పజెప్పి పోవచ్చు. తీసుకున్నవాడు మొదట చేసే పని ఆ తాడు విప్పడం. ఆకలి మీదున్న గొర్రెలు ఆ పొదలను వేళ్ళతో సహా పీకేస్తాయి. చుట్టూ ఉన్న పిండిలో ఇదీ కలిసిపోతుంది. ఆ పల్లం తయారు కావడానికి మామా సగం జీవితం పట్టింది. పోవడానికి ఒక్క నెల చాలు. అప్పటికి నాకు ఇన్ని మాటలు రాలేదు. "నాకు బుద్ధి లేదనుకో అన్నా, నేను రాను" అన్నాను. ఆయన తన మంచి కెటిల్ నాకిచ్చి, గొర్రెలకు కూడా వస్తానండి అని చెప్పి వెళ్ళాడు.

అసలు కష్టం సైన్యం కాదు, గొర్రెలే. నీళ్ళంటే పక్క దొడ్డి ఉప్పబావిలోవి తోడుకుంటున్నాను గానీ, బార్లీ అడుగంటుతోంది. పొద్దున్నే మందంతా టైర్ల వెంబడి బారుగా నిలబడి లోపలికి చూసి అరిచేది. ఈనబోయే గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. కాపరికి అంతకు మించిన తిట్టు ఉండదు. తాడు మీద చెయ్యి వేసి వెనక్కు తీసుకున్న రోజులున్నాయి. కరువు ఏళ్ళలో మా వైపు ఏం చేస్తామో అదే చివరికి చేశాను. మేతను మందకు సరిపెట్టలేనప్పుడు మందను మేతకు సరిపెట్టడం. ఇళ్ళల్లో ఉండిపోయిన కువైటీలకు మాంసం దొరకడం లేదు. ముదురు పొట్టేళ్ళనూ గొడ్డుపోయినవాటినీ రెండేసి చొప్పున జహ్రాకు తోలుకుపోయి, పెరటి గుమ్మాల్లో ఇచ్చి, బదులుగా ఎండు రొట్టెలూ తవుడూ, ఏది దొరికితే అది తెచ్చుకున్నాను. సైనికుల కళ్ళ ముందే తోలుకుపోయేవాణ్ణి. ఎక్కడికని అడిగితే డాక్టరు దగ్గరికి అనేవాణ్ణి. అన్ని గొర్రెలకు జబ్బు చేసినా, ఒక్కటీ తిరిగి రాకపోయినా, వాళ్ళకు అనుమానం రాకపోవడం నా అదృష్టం.

మంద సగానికి తగ్గింది. హిమా తాడు మాత్రం ముడి మీదే ఉంది.

చలి మొదలవుతుండగా ఒక సార్జెంటు కొన్ని ట్రక్కులతో వచ్చాడు. ఎడారిలో పొదలున్న పల్లం దాక్కోవడానికి బాగుంటుందని ఎవరో చెప్పి ఉంటారు. సార్జెంటు నడివయసువాడు, రైతుల చేతులు. తాడు విప్పమన్నాడు. నేను పోయి ఆ సందులో కూర్చున్నాను. వీరుడిలాగా కాదు. కాళ్ళు వణికితే నిలబడటం కుదరదు, కూర్చుంటే కనబడదు.

"ఇది హిమా" అన్నాను.

ఆ మాట అతనికి తెలుసు. ముఖంలో కనబడింది. ఎవరి హిమా అన్నాడు. యజమానులు పారిపోయారు కదా, ఇంకా ఎవరిదని.

"కాపలా నాది. గింజ రాలలేదు."

"గడ్డి కోసం ట్రక్కులకు అడ్డం కూర్చుంటావా?"

"ట్రక్కులు గడ్డి తినవు కదా. వాటికి ఎక్కడైనా ఒకటే."

అతని వెనక ఉన్న కుర్రాళ్ళు నవ్వారు. ఒకడు తుపాకీ మడమతో నా కెటిల్‌ను కొట్టి దొర్లించాడు. సార్జెంటు ఆ కెటిల్ వైపు కాసేపు చూసి, నా మందలో మంచి పొట్టేలు ఒకటి ఎత్తించుకుని, ట్రక్కులను దిబ్బ అవతల పెట్టమన్నాడు. నా ధైర్యం ఖరీదు ఒక పొట్టేలని అప్పుడు తెలిసింది.

గెలిచాననుకున్నది ఆ సాయంత్రం వరకే. నీళ్ళు తెచ్చే ట్రక్కు చుట్టూ తిరిగి రావడం ఎందుకని టైర్లను గుద్దుకుని హిమా గుండా అడ్డంగా పోయింది. ఒక చివరి నుంచి ఇంకో చివరికి రెండు గాళ్ళు. చక్రాల కింద పడిన పొదలు చీపుళ్ళయ్యాయి. గాడిలో నేల సిమెంటులా అణిగింది. కెటిల్‌తో నీళ్ళు పోసి చూశాను. పైనే నిలిచాయి. ఒక్కసారి దారి పడితే రేపు ఇంకో ట్రక్కు, ఎల్లుండి పది. ఊరి చుట్టూ ఎడారి పిండి అయింది అలాగే.

ఆ గాడి పక్కన కూర్చుని ఉండగా నాకొక సంగతి తోచింది. నా మొదటి ఏడాది తప్పేమిటి? తోలున్న నేల మీద మంద కట్టడం, జరపకుండా ఒకేచోట ఉంచడం. ఇక్కడ తోలు ఎటూ లేదు. నేల అణిగిపోయి ఉంది. అణిగినదాన్ని గిట్టలే విరగ్గొట్టాలి. పెంటికలు పడాలి, నమిలి వదిలేసిన తవుడూ రొట్టె పొట్టూ పడాలి, గాలికి కొట్టుకొచ్చిన గింజ వాటి కింద దాక్కోవాలి. పైగా మంద పడుకున్నచోట ట్రక్కు పోదు.

వల తీసి ఆ గాళ్ళ మీద మాత్రమే, సన్నగా పొడుగ్గా మంద కట్టాను. పొదల వైపు అంగుళం జరగకుండా. జీవితం గాడిలో పడాలని మా అమ్మ ఎప్పుడూ దేవుడికి మొక్కుకునేది. ఆమె మొక్కు నాకు కాకపోయినా నా గొర్రెలకు ఫలించింది.

మర్నాడు నీళ్ళ ట్రక్కు వచ్చి హారన్ కొట్టింది. గొర్రెలు నెమరు వేస్తూ చూశాయి. డ్రైవరు దిగి తిట్టాడు. వాటికి అరబ్బీ రాదన్నాను. మరి లేపమన్నాడు. ఈనబోయేవి ఉన్నాయి, లేపితే పాపం అన్నాను. అతను ట్రక్కు ఎక్కి ఇంజను రేపి, ముందు గొర్రె ముక్కు దాకా తెచ్చి ఆపాడు. అది లేవలేదు. నేనూ లేవలేదు. దాని పక్కనే కూర్చుని చెవి గోకుతున్నాను. అప్పుడు భయపడ్డానా అంటే, గోకుతున్న చెవి దానిదో నాదో కూడా నాకు తెలియదు. ట్రక్కు వెనక్కు పోయి హిమా చుట్టూ తిరిగి వెళ్ళింది. ఆ మర్నాడు హారన్ కొట్టకుండానే చుట్టూ తిరిగింది.

అప్పటి నుంచి ఒక్కో రాత్రికి వల ఒక్కో మంద పొడవు ముందుకు జరిపాను. సార్జెంటు అప్పుడప్పుడు దిబ్బ మీద నుంచి చూసేవాడు. ఒకసారి దిగి వచ్చి ఏం చేస్తున్నావని అడిగాడు. మీరు తొక్కినదాన్ని బాగు చేస్తున్నానన్నాను. మళ్ళీ తొక్కుతామేమో అన్నాడు. మళ్ళీ కడతానన్నాను. అతను నా ముఖంలోకి చూసి, సగం కాలిన సిగరెట్టు ఆర్పి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వానలు వచ్చాయి. గాళ్ళలో నీళ్ళు ఈసారి నిలవలేదు, ఇంకాయి. కొన్నాళ్ళకు గాడి వెంబడి, పెంటికల మధ్య నుంచి సన్నగా పచ్చదనం, ఎవరో రెండు గీతలు గీసినట్టు. బాంబులు పడ్డ రోజుల్లో కూడా పొద్దున్నే దాన్నే చూసుకునేవాణ్ణి. తర్వాత నూనె బావులు తగలబడ్డాయి. పగలు దీపం పెట్టుకునేంత పొగ. తెల్ల గొర్రెలు నల్లబడ్డాయి. నేను వాటికి తగ్గట్టే ఉన్నాను. ఒక రోజు దిబ్బ అవతల ట్రక్కులు లేవు. గాలి మళ్ళి పొగ పలచబడిన రోజు చూస్తే, పొదలు ఆ మసి కిందే పసుపు పచ్చగా పూశాయి.

కఫీల్ వాళ్ళు తిరిగి వచ్చేసరికి పూలు వాడి గింజ కడుతోంది. అతను మందను చూసి నిర్ఘాంతపోయాడు. సగం లేవు, ఉన్నవి ఎముకలు. ఎక్కడ మందుపాతరలు ఉన్నాయో తెలియక బయట మేపడానికి లేదు. బజారులో బార్లీ లేదు. అతని బాధ న్యాయమైనదే. తాడు దగ్గరికి నడిచాడు. మామా అప్పటికే ఇంకో వైపు నుంచి కర్రతో టైర్లు తట్టుకుంటూ వస్తోంది.

నేను పోయి సందులో నిలబడ్డాను.

"తప్పుకో. నేల నాది, గొర్రెలు నావి, నువ్వు నా మనిషివి."

"అన్నీ మీవే బాబా. గింజ ఇంకా రాలలేదు."

"నువ్వీ దేశంలో ఉండే ఇఖామా కాగితం నా చేతిలో ఉందని మర్చిపోయావా? ఈరోజుతో ఖలాస్."

"ఖలాసే. గింజ రాలాక పంపించండి."

అతను నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు నెట్టాడు. నేను తాడు పట్టుకున్నాను. అప్పుడే మామా కర్ర చప్పుడు ఆగింది. ట్రక్కు టైర్లను గుద్దిన చోటు నుంచి లోపలికి వచ్చి, ఆమె గాళ్ళ దగ్గర నిలబడి ఉంది. పెంటికలు చూసింది. నా వైపు చూసింది. ఆ చూపు నాకు పాతదే. మళ్ళీ మంద కట్టావా అని అడిగింది. ట్రక్కు తోలు ఒలిచిందని, అది ఒలిచినచోటే నేను కట్టానని, రోజూ జరిపానని చెప్పాను. ఆమె కష్టపడి కూర్చుని, గాడిలో మట్టిని రెండు వేళ్ళతో నలిపి వాసన చూసింది. చెయ్యి చాపింది. కోనసీమాయన కెటిల్ ఇచ్చాను. నీళ్ళు పోసింది. నేల తాగింది. కెటిల్ ఖాళీ అయ్యేదాకా పోసింది.

తర్వాత పక్కనున్న పొద కొమ్మను వంచి అరచేతిలో దులిపింది. ఏమీ పడలేదు.

"హిందీ చెప్పింది నిజమే" అంది కొడుకుతో. "తాడు వదులు. పోయి బార్లీ ఎక్కడుందో చూడు."

అతను చాలాసేపు తాడు వదల్లేదు. నేనూ పోయి మళ్ళీ తాడు పట్టుకున్నాను. మామా మా ఇద్దరి మధ్యకు వచ్చి, తిరగేసిన డ్రమ్ము మీద కూర్చుని, కెటిల్ నింపి టీ పెట్టమంది. టీ మరిగేలోపు కారు బయలుదేరిన చప్పుడు వినబడింది. ఎక్కడి నుంచి తెచ్చాడో, రెండు రోజుల తర్వాత బార్లీ వచ్చింది. నా ఇఖామా గురించి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు, నేను అసలే ఎత్తలేదు.

ఎండ ముదిరి, కొమ్మ దులిపితే మామా అరచేయి నిండిన రోజున తాడు నేనే విప్పాను. ఏడాదిగా ఆ మేత కోసం గొంతు చించుకున్న గొర్రెలు సందులో ఆగి, లోపలికి ఒకసారి చూసి, రొట్టె ఏదని నా చేతుల వైపు తిరిగాయి. వాటిని "కొంచెం జరగండి" అని బతిమాలి లోపలికి పంపాను.